తేడా ఉంటేనే చెప్పమన్న మేడం

మా డిగ్రీ బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో నెలల తరబడి ఒక్క మెసేజ్ కూడా లేదు. మొన్న పొద్దున వచ్చింది. "మన మేడం పోయిండ్రు. మట్టి ఇయ్యాల సాయంత్రమే." పెట్టినవాడు మా శివ్వంపేట మిత్రుడు, అక్కడ విత్తనాల దుకాణం నడుపుతాడు.

నేను అప్పుడు రైస్ మిల్లు ఆఫీసులో కూర్చుని వచ్చిన ధాన్యం వివరాలు కంప్యూటర్‌లో ఎక్కిస్తున్నాను. మెసేజ్ చదివి, ఇంకెవరి మేడం గురించో పొరపాటున ఇక్కడ పెట్టాడనుకున్నాను. మా మేడంకు బాగోలేదని ఎవరూ చెప్పలేదు కదా, చెప్పలేదంటే బాగున్నట్టే కదా. ఆ లెక్క నాకు నేర్పింది ఆవిడే. ఈ నాలుగు మాటలు రాయడానికి కూర్చున్నది అందుకే.

ఆవిడ మెదక్‌లో డిగ్రీ కాలేజీ లెక్చరర్. మాకు బీకాం కంప్యూటర్స్‌లో ఒక పేపర్ చెప్పేవారు. వ్యాపారం నడిపేవాళ్ళకు సమాచారం ఎలా చేరాలి, ఎవరికి ఎంత చేరాలి, అందుకు ఎన్ని రకాల వ్యవస్థలున్నాయి అన్నది ఆ పేపరు. పుస్తకంలో పేరు మేనేజ్‌మెంట్ ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్. మేం మాత్రం "కబుర్ల పేపర్" అనేవాళ్ళం. ఆవిడకు ఆ సంగతి తెలుసు, పైగా నచ్చింది కూడా.

మేడం పేరు ఇక్కడ రాయను. ఆవిడ మమ్మల్ని ఏనాడు పేర్లతో పిలిచారు గనక! ఊరి పేరే మా పేరు. నేను పాపన్నపేట. వెనక బెంచీలో కునికేవాడు శివ్వంపేట. హవేలిఘనపూర్ నుంచి ఇద్దరమ్మాయిలు వచ్చేవారు, పొడుగమ్మాయి పెద్ద ఘనపూర్, పొట్టి అమ్మాయి చిన్న ఘనపూర్. "ఓ పాపన్నపేట, ఏంది ముచ్చట, మాక్కూడ జర చెప్పు" అంటే క్లాసంతా నా వైపు తిరిగేది. మొదట్లో ఒళ్ళు మండేది నాకు. తర్వాత ఎవరైనా అసలు పేరుతో పిలిస్తే, వీళ్ళకు నేనెవరో సరిగ్గా తెలియదనిపించేది.

హాజరు కూడా ఆవిడ అందరిలా తీసుకునేవారు కాదు. వరసగా పేర్లు చదవడం, మేం ప్రెజెంట్ అని అరవడం ఉండదు. చాక్‌పీసును జేబురుమాలు కొసతో పట్టుకుని (సున్నం పడదు ఆవిడ చేతికి) బల్లకు ఆనుకుని నిలబడి, "రానోళ్ళు ఎవరో చెప్పుండ్రి" అనేవారు. ఫలానా ఆమె రాలేదు మేడం, నాట్లు పడుతున్నయి. ఫలానా వాడు రాలేదు, ఆటో దొరకలేదు, అని మేం చెప్పేవాళ్ళం. "వచ్చినోళ్ళు నాకు కనవడుతనే ఉన్నరు. వాళ్ళ పేర్లు సదువుడు టైం దండగ" అనేవారు. వరసగా రెండు రోజులు ఎవరైనా రాకపోతే మాత్రం మూడో రోజు ఆ ఊరివాళ్ళను నిలబెట్టి, ఇంటికి పోయి అడిగారా లేదా అని తినేసేవారు.

ఒకరోజు పుస్తకంలో త్రిభుజం బొమ్మ వచ్చింది. అడుగున గుమాస్తాలు, మధ్యలో మేనేజర్లు, కొసన పెద్ద అధికారి, ఒక్కొక్కరికీ ఒక్కో రకం వ్యవస్థ. బోర్డు మీద అందంగా గీశారు. మా ముఖాలు చూశారు. డస్టర్ తీసుకుని మొత్తం తుడిచేశారు. "లేవుండ్రి, మిల్లుకు పోదాం" అన్నారు.

హవేలిఘనపూర్ దారిలో ఉన్న మిల్లు అది. ముందు గేటు దగ్గర ధర్మకాంటా మీద ట్రాక్టర్ ఎక్కి ఉంది. అక్కడి మనిషి బండి నంబరు, నిండు బరువు, ఖాళీ బరువు ఎక్కిస్తున్నాడు. "గిది మొదటి రకం. వచ్చింది, తూగింది, పోయింది. జరిగింది జరిగినట్టు రాసుకునుడు. గిక్కడ తెలివి చూపియ్యొద్దు, తప్పు రాయొద్దు, గంతే" అన్నారు మేడం. ఆఫీసు గదిలో మేనేజర్ చేతిలో ఒక్క కాగితం ఉంది. ధాన్యం ఎంత వచ్చింది, బియ్యం ఎంతైంది, నూక ఎందుకు పెరిగింది. "గేటు కాడ రాసిందంత ఈయనకు అక్కర లేదు. దాని సారం కావాలె. గిది రెండోది." వెనక కల్లంలో మిల్లు యజమాని ధాన్యం గుప్పిట పట్టి తేమ చూస్తూ, మబ్బును చూస్తూ, ఇప్పుడే దించుకోవాలా ఎల్లుండి దాకా ఆగాలా అని గొణుక్కుంటున్నాడు. "ఇట్ల చేస్తే ఏమైతది, అట్ల చేస్తే ఏమైతది అని అడిగితే జవాబిచ్చేది మూడో రకం. అది నిర్ణయం చెయ్యది. చేసేటోనికి ఆసరైతది."

నాలుగోది చూపించడానికి వరండాలోకి తీసుకుపోయారు. అక్కడ కేన్ కుర్చీలో యజమాని తండ్రి పేపర్ చదువుకుంటున్నాడు. అందరూ పెద్దపటేల్ అంటారాయన్ను. "ఈ పటేల్‌కు ఏం సమాచారం కావాలె?" అని అడిగారు మేడం. లాభం అన్నాడొకడు. స్టాకు అన్నాను నేను. ఆవిడ కాదని తల ఊపుతూ ఉండగానే లోపల మిషన్ బెల్టు జారింది కాబోలు, మిల్లు మోత టక్కున ఆగింది. పెద్దపటేల్ పేపర్ పక్కన పడేసి లేచాడు. "ఏమైందిరా?" అని కేకేస్తూ, చెప్పులు కూడా వేసుకోకుండా లోపలికి పోయాడు.

మేమంతా నవ్వాం. మేడం నవ్వలేదు, ఆవిడ మొహం వెలిగిపోయింది. "చూసిండ్రా? ఇంతసేపు ఎవరన్న పోయి పటేలా, మిల్లు మంచిగ నడుస్తున్నదని చెప్పిండ్రా? లేదు. తేడా వచ్చింది, లేసిండు. పైనున్నోనికి తేడా ఉంటేనే చెప్పాలె. అంతా మంచిగున్నదని చెప్పుడు కాయితం దండగ. దీన్నే ఎక్సెప్షన్ రిపోర్ట్ అంటరు." ఆ మాట మా బ్యాచ్ మొత్తానికి పట్టుకుంది. పరీక్షలో అందరం పెద్దపటేల్ కథే రాశాం. ఆయన పేరు కూడా రాశారట కొందరు.

తర్వాత జీవితంలోనూ అదే రాసుకున్నాం. వాట్సాప్ గ్రూపు పెట్టుకున్నప్పుడు మేడంను చేర్చి, నియమం ఏం పెడదామని అడిగాం. "గుడ్ మార్నింగులు వద్దు, పూల బొమ్మలు వద్దు. తేడా ఉంటేనే చెప్పుండ్రి" అని ఒక్క ముక్క పెట్టారు. ఎవరికైనా ఉద్యోగం వస్తే, పెళ్ళి కుదిరితే, ఇంట్లో ఎవరైనా దవాఖానలో పడితే మెసేజ్ వచ్చేది. మిగతా కాలమంతా గ్రూపు నిశ్శబ్దం. మాకు అది గర్వం కూడా. మిగతావాళ్ళ గ్రూపులు సంతలా ఉంటాయి, మాది చూడు, ఎంత పద్ధతి అనుకునేవాళ్ళం. మా ఆయన ఓసారి నా ఫోన్ చూసి, ఇదేం గ్రూపు, అందరూ పోట్లాడుకున్నారా అన్నాడు. నీకు తెలియదులే, ఇది మేనేజ్‌మెంట్ అన్నాను.

నాకు ఉద్యోగం వచ్చింది కూడా ఆ మిల్లులోనే. కంప్యూటర్ చూసుకునే మనిషి కావాలని వాళ్ళు మేడంను అడిగితే నా సంగతి చెప్పారు. ఆడపిల్ల మిల్లులో ఏంటని మా అమ్మ అడ్డం తిరిగింది. మేడం షేర్ ఆటో పట్టుకుని పాపన్నపేట వచ్చేశారు. మా గడపలో కూర్చుని, చాయ్ సాసర్‌లో పోసుకుని ఊదుకుంటూ తాగారు. "మోత ఉంటది గని అక్కడ భయం లేదమ్మా. నీ బిడ్డ మోత నా క్లాసుల అంతకన్న ఎక్కువ" అన్నారు. మా అమ్మ నవ్వింది, పని అయిపోయింది. పోతూ పోతూ నాతో, "సీజన్ అయినంక వస్త, నీ ఆఫీసు సూపియ్యాలె" అన్నారు.

ఆ రావడం కోసం నేను ఎంత ఎదురుచూశానో ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గేం లేదు. ఆవిడ నేర్పిన నాలుగు రకాలూ మా మిల్లులో నిలబెట్టాను. కాంటా దగ్గర తెర, మేనేజర్‌కు వారం కాగితం, యజమానికి తేమనూ వాననూ సరిపోల్చి చూసుకునే పట్టిక, తేడా వస్తేనే ఆయన ఫోన్‌కు పోయే కబురు. పెద్దపటేల్ ఇప్పుడు లేడు గానీ ఆ కుర్చీ అక్కడే ఉంది. మేడంను అందులో కూర్చోబెట్టి ఇవన్నీ చూపించాలని నా కోరిక. వానాకాలం సీజన్ అయ్యేది, యాసంగి వచ్చేది, నాకు ఊపిరి సలిపేది కాదు. ఆవిడకు పరీక్షల పేపర్లు దిద్దడం, ఆదివారం చర్చిలో పాటల బృందం. "వస్త తియ్, మిల్లు యాడికి పోతది" అనేవారు. మిల్లు ఎక్కడికీ పోలేదు.

పోయిన చలికాలం ఒక మధ్యాహ్నం, అన్నం తిన్నాక, ఎందుకో ఆవిడ గొంతు వినాలనిపించి ఫోన్ చేశాను. ఎత్తగానే "ఏమైంది బిడ్డా?" అన్నారు కంగారుగా. ఆవిడ పద్ధతిలో ఫోన్ మోగిందంటే తేడా వచ్చినట్టే కదా మరి.

"ఏం లేదు మేడం, ఊరికే చేసిన."

నవ్వు వినిపించింది. "ఊరికే అన్న గడి ఏ రిపోర్టుల ఉంటదే?"

"మీరు చెప్పని పాఠం మేడం అది."

ఆ రోజు ఆవిడ చాలాసేపు మాట్లాడారు. మా అమ్మ మోకాళ్ళ సంగతి అడిగారు. మిల్లుకు కొత్తగా వచ్చిన, రంగు తేడా బియ్యం ఏరే మిషన్ ఎట్లా పనిచేస్తుందో చెప్పించుకున్నారు. శివ్వంపేట ఇంకా కునుకుతుండా, దుకాణంల కూడానా అని అడిగి నవ్వారు. ఫోన్ పెట్టేసే ముందు నేను, మీరు మంచిగున్నరా మేడం అన్నాను. "తేడా ఉంటే చెప్పనా?" అన్నారు. ఆ మాటతో నా మనసు నిమ్మళమైంది. అప్పటికే ఆవిడకు కడుపులో జబ్బని డాక్టర్లు తేల్చి చెప్పారని నాకు ఇప్పుడు తెలుసు.

సాయంత్రం సమాధుల దగ్గర మా బ్యాచ్ దాదాపు అందరం కలిశాం. అన్నేళ్ళ తర్వాత అందరం ఒక్కచోట. పాటల బృందం పాడుతుంటే ఒకరి మొహం ఒకరం చూడలేకపోయాం. మట్టి వేశాక గేటు బయట శివ్వంపేట నా దగ్గరకు వచ్చాడు, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "నేను నెలకోసారి మెదక్ వస్తనే ఉన్న. మేడం ఇంటి ముంగట నుంచే పోతున్న. గ్రూపుల ఏం లేదు గదా, మంచిగనే ఉన్నరు అనుకున్న. చెప్తే రాకపోదునా?" పెద్ద ఘనపూర్ అదే మాట అంది. నేనూ అదే అన్నాను. అందరం ఒకే జవాబు రాసిన పరీక్ష పేపర్లలా ఉన్నాం.

గుండెలు బాదుకోవడానికి రాయడం లేదు ఇదంతా. నిజం చెప్పాలంటే నాకు మేడం మీద కోపం. ఆలస్యంగా అసైన్‌మెంట్ ఇస్తే, "టైం దాటినంక చేరిన కబురు చరిత్ర పుస్తకంల పెట్టుకునేటందుకే పనికొస్తది" అని తిరిగి ఇచ్చేసిన మనిషి, తన కబురు మాకు అలా చేర్చవచ్చా? తేడా ఉంటే చెప్పాలని మమ్మల్ని కట్టడి చేసిన మనిషి తన ఒంట్లో అంత తేడాను దాచుకోవచ్చా? క్లాసులో అయితే నిలబడి అడిగేదాన్ని. ఆవిడ కూడా వాదన పెట్టుకునేవారు, తప్పకుండా.

మర్నాడు మిల్లుకు వచ్చి కూర్చున్నాను. పని సాగలేదు. లోపల మిషన్లు మోగుతూనే ఉన్నాయి. రోజూ వినే మోతే, అలవాటై వినిపించడం మానేసిన మోత. ఆ రోజు వినిపించింది. వరండాలో ఖాళీ కుర్చీ వైపు చూస్తే పెద్దపటేల్ లేచిన రోజు గుర్తొచ్చింది. ఆయన నిశ్చింతగా పేపర్ చదువుకున్నది మోత వినిపిస్తున్నంతసేపే. ఎవరూ పోయి చెప్పలేదన్నది నిజమే, కానీ మిల్లు చెబుతూనే ఉంది, నడుస్తున్నాను, నడుస్తున్నాను అని. అది ఆగితే లేచాడాయన. మేం పాఠాన్ని తిరగేసి నేర్చుకున్నాం. మోగని మనిషిని చూసి నిశ్చింతగా ఉన్నాం. "రానోళ్ళు ఎవరో చెప్పుండ్రి" అని రోజూ అడిగిన మనిషి దగ్గర చదువుకుని కూడా, నెలల తరబడి గ్రూపులో రానివాళ్ళెవరని మాలో ఒక్కరం కూడా అడగలేదు. ఆ రోజు వరండాలో మేడంకూ ఇది తట్టలేదు, మాకూ తట్టలేదు. ఆవిడ ఉండగా తట్టి ఉంటే పరుగున పోయి చెప్పేదాన్ని. ఎంత సంతోషపడేవారో! బోర్డు మీద గీసి, తప్పు నాదే పాపన్నపేట అని ఉండేవారు.

ఆదివారం చర్చి వెనక వీధిలో ఆవిడ ఒక్కరే కిరాయికి ఉన్న ఇంటికి పోయాను. పక్కింటి ఆంటీ సామాన్లు సర్దుతోంది. ఆమె బట్టలు కుడుతుంది, పాటల బృందంలో మేడం పక్కన నిలబడేది. చివరి నెలల్లో మేడంను చూసుకున్నది ఆమే. నన్ను మంచం అంచున కూర్చోబెట్టి తను కింద కూర్చుంది.

"నేను చెప్త అన్న బిడ్డా, ఎన్నోసార్లు అన్న. వద్దన్నది. పోరగాండ్లకు సీజను, పరేషాన్ చెయ్యకు అన్నది. నీకు తెల్వది, వాళ్ళు నా మాట మీద నిలవడ్డోళ్ళు, చెప్తే పనులిడిసి వస్తరు అన్నది."

మంచం పక్కన స్టూలు మీద ఎక్స్‌టెన్షన్ బోర్డు ఉంది. దాని వైరు గోడ వెంట కిటికీ దాకా పోయింది. బోర్డుకు తగిలించి మేడం ఫోన్ ఉంది, ఛార్జింగ్ ఎక్కుతూ.

"ఆ బోర్డు ఆమెనే తెప్పిచ్చుకున్నది" అంది ఆంటీ నా చూపు గమనించి. "లేవలేక పోయినంక, ఫోను చేతికి అందేటట్టు ఉండాలె అన్నది. మోగితే సాలు, నా మొహం దిక్కు చూసేది. సూడమ్మా, పిల్లలెవరన్న ఊరికే చేసిండ్రేమో అనేది. నేను సూసేది. లోన్ కావాలెనా అనెటోళ్ళు, సిమ్ము కంపెనోళ్ళు. కాదమ్మా అంటే, సరే తియ్, అందరు మంచిగున్నట్టే అనేది. ఇప్పుడు సుత రోజు ఛార్జింగు పెడుతున్న. ఎందుకో నాకే తెల్వది."

మేం ఆవిడను తలుచుకుని నిశ్చింతగా ఉన్న రోజుల్లో, ఆవిడ మమ్మల్ని తలుచుకుని నిశ్చింతగా ఉండడానికి పాట్లు పడ్డారన్నమాట. అటూ ఇటూ అదే పాఠం. మధ్యలో ఈ వైరు.

నా సంచిలోంచి ఫోన్ తీసి మేడం నంబరు నొక్కాను. ఎందుకు చేశానో అడిగితే చెప్పలేను. స్టూలు మీద ఫోన్ మోగింది. తెర వెలిగి, దాని మీద పాపన్నపేట అని పడింది. ఆంటీ చెయ్యి చాపబోయి ఆగిపోయింది. ఎవరమూ ఎత్తలేదు. ఆ చిన్న గదిలో అది మోగినంతసేపు మోగింది, తర్వాత ఆగింది.